పొయ్యి పక్కన కూర్చుని కొలిచిన రోజులు

1970ల మధ్యలో హోమ్ సైన్స్ చదివిన ఆడపిల్లకు ఉద్యోగం అంటే ఏదో ఒక బాలికల పాఠశాలలో టీచరు పోస్టే అని మా ఇంట్లో అందరి నమ్మకం. నాకు దొరికింది ఊళ్లు తిరిగే ఉద్యోగం. జాతీయ పోషకాహార పర్యవేక్షణ బ్యూరో అని 1972లో ఒకటి ఏర్పడింది. దాని కేంద్రం హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో ఉండేది. రాష్ట్రానికొక బృందం, బృందంలో ఒక డాక్టరు, ఒక పోషకాహార నిపుణురాలు, ఒక సోషల్ వర్కరు, సహాయకులు. ఊరికి వెళ్లాలి, ఎంపికైన ఇళ్లలో నిన్న ఎవరు ఏం తిన్నారో కనుక్కోవాలి, మనుషుల బరువూ ఎత్తూ చూడాలి, కళ్లు, నాలుక, చర్మం పరీక్షించాలి, అంతా ఫారాల్లో రాసి తేవాలి.

"నిన్న ఏం తిన్నారని అడగడానికి డిగ్రీ ఎందుకే?" అని మా అమ్మమ్మ అడిగింది. ఆ ఒక్క ప్రశ్నకు నిజమైన జవాబు రాబట్టడం ఎంత కష్టమో, ఆ జవాబుల మీద ఈ దేశంలో ఎన్ని పథకాలు నిలబడ్డాయో ఆమెకు కూర్చోబెట్టి చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. కుదరలేదు. ఇప్పుడు నా మనవరాలు ప్రజారోగ్యం చదువుతూ అదే ప్రశ్న మరో రకంగా అడుగుతోంది. దాని కోసమూ, ఆ రోజుల్లో నాతో తిరిగిన వాళ్ల కోసమూ ఇది రాస్తున్నాను.

సంస్థ చరిత్ర మాకు మొదటి వారంలోనే చెప్పారు. 1918లో నీలగిరుల్లోని కూనూరులో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఒకే ఒక్క గదిలో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి మీద పరిశోధన మొదలుపెట్టారు. బి1 విటమిన్ లోపంతో కాళ్లు వాచి, నడక పోయే ఆ బెరిబెరి మన గడప దగ్గరి జబ్బే. పాత మద్రాసు రాష్ట్రంలో అది తిష్ఠ వేసింది ఉత్తర సర్కారు జిల్లాల్లో. మిల్లులో బాగా తెల్లగా పాలిష్ పట్టిన పచ్చిబియ్యం తిని, గంజి వార్చి పారబోసే ఇళ్లలో బి1 విటమిన్ దాదాపు అంతా పోయేది. ఉప్పుడు బియ్యం తినే తమిళ జిల్లాల్లో ఆ జబ్బు అంతగా లేదు, ఎందుకంటే వడ్లను ఉడకబెట్టినప్పుడు విటమిన్ తవుడు పొర నుంచి గింజ లోపలికి దిగుతుంది. మెక్‌కారిసన్ తరువాత వచ్చిన ఐక్రాయిడ్ ఈ బియ్యం సమస్య మీద ఏళ్ల తరబడి పనిచేశారు. మన ఆహార పదార్థాల్లో ఏముందో చెప్పే పట్టికలు మొదట ఆయన హయాంలోనే, 1937లో వెలువడ్డాయి. ప్రయోగశాల 1958లో హైదరాబాదుకు తరలింది, 1969లో ఇప్పటి పేరు వచ్చింది. గోదావరి జిల్లాలో పుట్టిన నాకు ఈ కథ విన్నప్పుడు మా ఊళ్లో కాళ్లు వాచి నడవలేక పోయిన ముసలివాళ్ల గురించి పెద్దలు చెప్పుకునే మాటలు గుర్తొచ్చాయి. అవన్నీ బెరిబెరి అని అనను. కానీ గంజి వార్చడం అనే మామూలు పనికీ ఒక జబ్బుకూ మధ్య సంబంధం ఉంటుందని ఆ రోజు నా బుర్రలో నాటుకుపోయింది.

సంస్థను నడిపించిన సి. గోపాలన్ గారు నేను చేరేనాటికే ఢిల్లీ వెళ్లిపోయారు. అయినా ఆవరణ నిండా ఆయన మాటలే. సీనియర్లు ఒక్కో గది చూపిస్తూ ఒక్కో జబ్బు పేరు చెప్పేవారు. దక్కను పీఠభూమిలో జొన్నలే తినే పేదలకు ఎండాకాలంలో మెడ చుట్టూ, చేతుల మీదా చర్మం నల్లబడి పగిలేది. అది పెల్లాగ్రా. పుస్తకాల్లో మాత్రం పెల్లాగ్రా మొక్కజొన్న తినేవాళ్ల జబ్బు. జొన్న తినేవాళ్లకెందుకు వస్తోందని ప్రశ్న వేసుకుని, జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం దీనికి కారణం కావచ్చని గోపాలన్, శ్రీకాంతియా 1960లో ప్రతిపాదించారు. దాని మీద ప్రపంచంలో చాలా వాదన జరిగింది. నాకు ఆ వాదనకంటే వాళ్లు ప్రశ్న వేసిన తీరు నచ్చింది. ఆసుపత్రి వరండాలో కనిపించిన రోగిని చూసి, పుస్తకంలో ఇలా లేదే అని ఆగి, ఆ మనిషి ఇంట్లో ఏం తింటున్నాడని వెతికారు.

ఇక మా తిరుగుళ్లు. జీపు దిగితే చాలు పిల్లలంతా చుట్టూ చేరేవారు, కుటుంబ నియంత్రణ వాళ్లేమోనని మగవాళ్లు పక్కకు తప్పుకునేవారు. ఎమర్జెన్సీ తరువాత రెండేళ్లు ఆ భయం మమ్మల్ని చాలా ఇబ్బంది పెట్టింది. ఊళ్లో బడి ఖాళీగా ఉంటే బడిలో, లేకపోతే పంచాయతీ కార్యాలయంలో మకాం. రాత్రి లాంతరు వెలుగులో ఫారాలు సరిచూసుకునేవాళ్లం. డాక్టరు గారు అంకెలు చదువుతుంటే నేను కూడేదాన్ని. ఒక్క అంకె తేడా వచ్చినా ఆయన ఒప్పుకునేవారు కాదు, పొద్దున్నే ఆ ఇంటికి మళ్లీ పంపేవారు. ఆ పట్టుదలే మాకు పని నేర్పింది.

నా భుజాన ఎప్పుడూ ఒక సంచి. అందులో ఒకదానిలో ఒకటి ఒదిగే పన్నెండు కొలత గిన్నెలు. ఆహార సర్వేల పద్ధతిని మా అందరికీ చేతిపట్టి నేర్పిన తరానికి చెందిన బి.వి.ఎస్. తిమ్మాయమ్మ గారి లాంటివాళ్లు ఎన్నో ఇళ్లు తిరిగి రూపుదిద్దిన కొలతలవి. ఎందుకివి అంటే, ఊళ్లో ఎవరిని అడిగినా సోల, తవ్వ, గిద్ద, మానిక అనే చెబుతారు. ఒక ఇంటి సోల ఇంకో ఇంటి సోలకు సమానం కాదు. అంచుదాకా పోసే చెయ్యి ఒకటి, గోపురంగా పోసే చెయ్యి ఒకటి. అందుకని ఇల్లాలిని ఆమె సోలతోనే, ఆమె రోజూ పోసినట్టే బియ్యం పోయమని చెప్పి, దాన్ని మేం తూచేవాళ్లం. తరువాత వండిన అన్నం మొత్తం ఎంతైందో, అందులో ఎవరి కంచంలోకి ఎంత వెళ్లిందో మా గిన్నెలు చూపించి అడిగేవాళ్లం. "ఈ గిన్నెడు పెట్టానమ్మా పెద్దోడికి, ఈ చిన్నదానితో చంటిదానికి" అని వాళ్లే వేలుపెట్టి చూపేవారు.

లెక్క కష్టమేమీ కాదు. ఒక కిలో బియ్యం వండితే ఇరవై గిన్నెల అన్నం వచ్చిందనుకోండి. పిల్లకు ఒక గిన్నె పెట్టారంటే అది తిన్నది 50 గ్రాముల బియ్యం. దాంతో వచ్చేది సుమారు 175 కెలోరీలు. రెండేళ్ల పిల్లకు రోజుకు వెయ్యికి పైగా కావాలి. పప్పు, చింతపండు, ఉల్లిపాయ, నూనె, బెల్లం, మజ్జిగ, అన్నీ ఇలాగే పచ్చి సరుకు లెక్కలోకి మార్చి, పట్టికలు చూసి ప్రొటీను, ఇనుము, విటమిన్లు కట్టేవాళ్లం. పండగనాడు, ఉపవాసం నాడు వండినది లెక్కలోకి తీసుకోకూడదు, ఎందుకంటే మాకు కావలసింది మామూలు రోజు. తూకం పద్ధతి అయితే ఇంకా ముందే వెళ్లాలి. తెల్లవారుతుండగానే తక్కెడ పట్టుకుని పొయ్యి దగ్గర కూర్చునేవాళ్లం. బియ్యం ఎసట్లో పడ్డాక తూచేదేముంది?

అసలు కష్టమంతా మనుషుల దగ్గర. పేదింట్లో ఆత్మాభిమానం ఉంటుంది. వరసగా కారం మెతుకులు తిన్న ఇంట్లో కూడా "నిన్న పప్పు చేశాం" అంటారు. కాస్త ఉన్న ఇంట్లో, వీళ్లు రేషన్ కార్డు తీసేయడానికి వచ్చారేమోనని ఉన్నది దాచేస్తారు. కాబట్టి నేరుగా తిండి గురించి అడగకూడదని నేర్చుకున్నాం. ముందు వానల గురించి, కూలి పనుల గురించి, కోడలి పురుడు గురించి మాట్లాడాలి. ఇల్లాలు చేట పట్టుకుని కూర్చుంటే మనమూ పక్కన కూర్చుని నాలుగు రాళ్లు ఏరాలి. అప్పుడు ఆమె తనంతట తానే చెబుతుంది, నిన్న దుకాణంలో అప్పు పుట్టలేదని, పొద్దున జొన్న గటక, రాత్రికి పచ్చిపులుసు అని. నేను తల వంచుకుని రాసుకునేదాన్ని. మొహంలోకి చూస్తే ఆమె మళ్లీ పప్పు దగ్గరకు వెళ్లిపోతుందని భయం.

ఏ ఊళ్లో చూసినా, ఏ కులంలో చూసినా ఒక ప్రశ్న దగ్గర సర్వే ఆగిపోయేది. మామగారు తిన్నది చెబుతుంది, మొగుడు తిన్నది చెబుతుంది, పిల్లలది పూసగుచ్చినట్టు చెబుతుంది.

"మరి నువ్వేం తిన్నావమ్మా?"

"ఏదో తిన్నాలే తల్లీ. మిగిలింది."

"ఎంత మిగిలింది?"

"ఎవరు చూశారమ్మా!"

వండిన మొత్తంలోంచి అందరి వాటా తీసేస్తే మిగిలేది ఆమె వాటా. అలా తీసివేతతో ఆడవాళ్ల భోజనం కట్టవలసి వచ్చిన ఇళ్లు ఎన్నో. కొన్ని ఇళ్లలో ఆ తీసివేత సున్నాకు దగ్గరగా వచ్చేది, ఆమె గర్భిణిగా ఉన్నప్పుడు కూడా. ఆ ఫారాలు నింపేటప్పుడు నాకు చాలా కోపం వచ్చేది. ఆ కోపం ఎవరి మీదో చెప్పలేను, ఎందుకంటే ఆ ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్లు కారు. అత్తగారు కూడా కోడలిగా అలాగే తిని వచ్చింది.

మనుషులందర్నీ ఒకే తక్కెడలో తూచడానికి ఒక పద్ధతి ఉండేది. కూర్చుని పనిచేసే మగవాణ్ని ఒకటిగా తీసుకుంటే, బరువు పని చేసే మగవాడు 1.6, బరువు పని చేసే ఆడది 1.2, మూడేళ్లలోపు పిల్ల 0.4. ఇలా ఇంటి మొత్తానికి ఎంత తిండి కావాలో, ఎంత ఉందో తెలిసేది. అయితే ఇంటి మొత్తం లెక్క మోసం చేస్తుందని మా బ్యూరో సమాచారమే బయటపెట్టింది. పెద్దలకు చాలినంత దొరికే ఇళ్లలో కూడా ఐదేళ్లలోపు పిల్లలకు చాలడం లేదు. తిండి లేక కొంత, పెట్టే తీరు వల్ల కొంత. చంటిపిల్ల పొట్ట చిన్నది. జొన్న సంకటో అన్నమో నీళ్లతో ఉబ్బి ఉంటుంది, నాలుగు ముద్దలకే పొట్ట నిండిపోతుంది. నూనె, నెయ్యి లేని ఆ ముద్దల్లో శక్తి తక్కువ. రోజుకు ఐదారుసార్లు పెడితే తప్ప సరిపోదు. పొలానికి వెళ్లిన తల్లి ఐదారుసార్లు ఎలా పెడుతుంది? పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మధ్యలో ఆరేడేళ్ల అక్క చంకలో పిల్ల.

ఈ విషయం చిన్నదిగా కనిపిస్తుంది కానీ ఆనాటి ప్రపంచం దీన్ని వేరుగా చూసేది. 1950లు, 60లలో ఐక్యరాజ్య సమితి సంస్థల దగ్గర నుంచి పెద్ద పెద్ద శాస్త్రవేత్తల దాకా పేద దేశాల సమస్య ప్రొటీను కొరత అనే నమ్మేవారు. చేపల పొడి, వేరుశనగ పిండి, రకరకాల ప్రొటీను పొడుల తయారీకి డబ్బు ధారపోశారు. హైదరాబాదులో గోపాలన్ గారి బృందం ఒప్పుకోలేదు. మన పిల్లలు తినే తిండిలో ప్రొటీను మరీ తక్కువేమీ కాదు, తక్కువైంది మొత్తం తిండే. కడుపు నిండనప్పుడు తిన్న ప్రొటీను కూడా ఇంధనంగా కాలిపోతుంది. మాట చెప్పి ఊరుకోకుండా పరీక్షించి చూశారు. హైదరాబాదు చుట్టుపక్కల ఊళ్లలో పిల్లలకు గోధుమ పిండి, చక్కెర, నూనెతో చేసిన తినుబండారం 14 నెలలు పెట్టారు. రోజుకు 310 కెలోరీలు, ప్రొటీను 3 గ్రాములే. ఆ పిల్లలు మిగతా పిల్లల కంటే బాగా ఎదిగారు. 1973లో అది అచ్చయింది. ఆ పరిశోధనలో పనిచేసిన ఒక పెద్దావిడ నాకు తరువాత చెప్పింది, పిల్ల తన ముందే తినేదాకా కదలకుండా కూర్చోవడమే తమ ఉద్యోగంలో సగమని.

దీని ప్రభావం 1975 అక్టోబరు 2న 33 ప్రాంతాల్లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకంలో నాకు కనిపించింది. అంగన్‌వాడీలో పిల్లకు రోజుకు సుమారు 300 కెలోరీల తిండి పెట్టాలన్న లెక్క, స్థానికంగా దొరికే ధాన్యం, పప్పుతోనే పెట్టవచ్చన్న ధైర్యం ఈ దారిలోనే వచ్చాయి. ఖరీదైన డబ్బా పొడి అక్కరలేదని ఒక పేద దేశం తన సొంత పరిశోధనతో చెప్పగలిగింది. ఇప్పటికీ టీవీలో ప్రొటీను పొడి ప్రకటన వచ్చినప్పుడు నాకు ఆ 3 గ్రాములే గుర్తొస్తాయి.

పిల్లల వయసు పట్టుకోవడం ఇంకో పెద్ద పని. బరువు ఎంత అన్నది వయసు తెలిస్తేనే పనికొస్తుంది, పుట్టిన తేదీ మాత్రం ఎవరి దగ్గరా ఉండేది కాదు. అందుకని ప్రతి ప్రాంతానికీ ఒక స్థానిక క్యాలెండరు తయారు చేసుకునేవాళ్లం. పండగలు, జాతరలు, నాట్లు, కోతలు, ఎన్నికలు, కరువులు. కృష్ణా జిల్లాలో 1977 నవంబరు నాటి దివిసీమ ఉప్పెన మా క్యాలెండరులో ఒక రాయిలా పాతుకుపోయింది. "ఉప్పెనకు వీడు పాకుతున్నాడు" అనేది ఒక తల్లి. ఇంకొకామె "దీని అక్క ఉప్పెనలో పోయింది, ఇది తరువాతి వినాయక చవితికి పుట్టింది" అంది. నేను నెలలు లెక్కకట్టి గడిలో వేశాను. ఆ తరువాత కాసేపు ఇంకో ఇంటికి వెళ్లలేకపోయాను.

అన్నిటికంటే నా మనసులో నిలిచింది కళ్ల సంగతి.

"రేచీకటి ఉందా?" అని అడిగితే చాలామంది లేదనే అంటారు. "పొద్దుగూకితే పిల్ల గోడ పట్టుకుని నడుస్తుందా? కంచంలో ముద్ద కోసం తడుముకుంటుందా?" అని అడిగితే తల్లి ఉలిక్కిపడేది. "అవునమ్మా, మొండికేస్తోంది అనుకున్నాం." పిల్లను వెలుగులోకి తిప్పి, రెప్ప కొద్దిగా పైకెత్తి చూస్తే కొందరిలో నల్లగుడ్డు పక్కన, కణత వైపు, తెల్లగుడ్డు మీద బూడిదరంగు నురగ మచ్చ కనిపించేది. బైటాట్ మచ్చ అంటారు. అక్కడితో ఆగితే అదృష్టం. తట్టు పోసినా, విరేచనాలు పట్టుకున్నా ఆ పిల్ల నల్లగుడ్డు రోజుల్లోనే మెత్తబడి కరిగిపోతుంది. తట్టు వచ్చిన పిల్లకు పథ్యం పేరుతో పాలు, పప్పు, ఆకుకూర అన్నీ ఆపేసేవారు. సరిగ్గా అవి కావలసిన సమయంలో.

అనంతపురం జిల్లాలో ఒక ఊరు. పెరట్లో మునగచెట్టు, వీధిలో కంచె మీద పొన్నగంటి కూర, ఇంట్లో కళ్లు మూసుకుని తల్లి ఒళ్లో ముఖం దాచుకున్న మూడేళ్ల పిల్ల. తట్టు తగ్గి వారమైంది. డాక్టరు గారు చూసి ఒక్క మాట మాట్లాడకుండా పిల్లనూ తల్లినీ జీపులో ఎక్కించుకుని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఒక కన్ను దక్కింది. తిరిగి వచ్చాక ఆయన ఆ రాత్రి ఫారాలు సరిచూడలేదు. ఆ ఉద్యోగకాలంలో ఆయన పని ఆపడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఆకుకూర పిల్లలకు పెడితే విరేచనాలవుతాయని ఆ ఇంట్లో నమ్మకం. మునగాకు కాస్త నూనెతో వండి ముద్దలో కలిపితే ఆ కన్ను కూడా ఉండేదని ఆ తల్లికి ఎలా చెబుతాం? చెప్పలేదు. పక్కింటి వాళ్లకు, ఎదురింటి వాళ్లకు చెప్పాం, గట్టిగా చెప్పాం.

ఈ కళ్ల కోసమే విటమిన్ ఏ పథకం వచ్చింది. విటమిన్ ఏ కాలేయంలో నిలవ ఉంటుంది. అయితే ఒకేసారి పెద్ద మోతాదు ఇచ్చి నెలల తరబడి కాపాడవచ్చు కదా అన్నది ఆలోచన. ఎం.సి. స్వామినాథన్, సుశీల, తిమ్మాయమ్మ గార్లు హైదరాబాదు చుట్టుపక్కల పల్లెల్లో పిల్లలకు ఏడాదికొకసారి 3 లక్షల యూనిట్లు ఇచ్చి చూశారు. కంటి లక్షణాలు బాగా తగ్గాయి. 1970లోనే జాతీయ పథకం మొదలైంది. ఐదేళ్లలోపు పిల్లలకు ఆరు నెలలకొకసారి 2 లక్షల యూనిట్లు, ఒక చిన్న చెంచాలో. మా దగ్గరి పల్లెల్లో జరిగిన పని దేశమంతా చేరిందంటే ఇప్పటికీ నా గుండె పొంగుతుంది. అదే ఏడాది గర్భిణులకు, పిల్లలకు ఇనుము, ఫోలిక్ యాసిడ్ మాత్రల పథకమూ వచ్చింది. అది చెంచా మందంత సులభంగా నడవలేదు. మాత్ర రోజూ వేసుకోవాలి, కడుపులో తిప్పుతుంది, మలం నల్లగా వస్తే భయపడతారు. ఎన్నో ఇళ్లలో మాత్రలు దూలం సందులో పొట్లంగానే ఉండేవి.

విటమిన్ ఏ కథలో ఇంకో మలుపు ఉంది, నేను దాన్ని చాలా గౌరవంగా తలుచుకుంటాను. 1986లో ఇండోనేషియాలో సోమర్ బృందం విటమిన్ ఏ ఇస్తే పిల్లల మరణాలు మూడో వంతు తగ్గాయని చెప్పింది. ప్రపంచమంతా ఉత్సాహపడింది. మన సంస్థలో విజయరాఘవన్ గారి బృందం హైదరాబాదు చుట్టుపక్కల దాదాపు 16 వేల మంది పిల్లల్లో పరీక్ష పెట్టింది. కొందరికి విటమిన్, కొందరికి ఉత్త ద్రవం. రెండు గుంపుల్లోనూ మరణాలు తక్కువగానే ఉన్నాయి, రెండింటికీ తేడా కనిపించలేదు. 1990లో ఉన్నదున్నట్టు ప్రకటించారు. అదే ఏడాది తమిళనాడులో వారం వారం చిన్న మోతాదు ఇచ్చిన పరిశోధనలో మరణాలు సగానికి పైగా తగ్గినట్టు వచ్చింది. వాదన చాలా కాలం నడిచింది. ఉత్తరప్రదేశ్‌లో పది లక్షల మంది పిల్లలతో జరిగిన పరీక్ష 2013లో అచ్చయితే, అందులోనూ మరణాల తేడా చాలా స్వల్పం. క్రమం తప్పకుండా ఇంటికి వెళ్లి పిల్లల్ని చూసి, జబ్బు చేస్తే ఆసుపత్రికి పంపే మనిషి ఉంటే ఆ రాకపోకలే ప్రాణాలు కాపాడతాయని మా ఫీల్డు వాళ్లమంతా గట్టిగా నమ్మేవాళ్లం. ఇప్పటికీ నమ్ముతాను. అందరూ ఆశించిన ఫలితం రానప్పుడు దాన్ని దాచకుండా చెప్పిన పెద్దల దగ్గర పనిచేశానన్నది నా జీవితంలో గొప్ప తృప్తి.

1988-90లో పాత ఊళ్లకే మళ్లీ వెళ్లమన్నారు. 1975-79 మధ్య చూసిన ఊళ్లను తిరిగి కొలిస్తే మార్పు ఏమిటో తెలుస్తుంది. నేను ఎత్తుకుని తూచిన పిల్లలు గేదెలు తోలుకుంటూ ఎదురొచ్చారు. కొందరు ఆడపిల్లలకు పెళ్లిళ్లు కూడా అయ్యాయి. అంకెలు కలిపి చూస్తే మొత్తం రాష్ట్రాల్లో తీవ్రంగా బరువు తక్కువ ఉన్న పిల్లలు 15 శాతం నుంచి 9 శాతం లోపుకు వచ్చారు. బైటాట్ మచ్చలు దాదాపు 2 శాతం నుంచి 1 శాతం లోపుకు పడ్డాయి. 0.5 శాతం దాటితే అది ప్రజారోగ్య సమస్యే అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత, కాబట్టి పండగ చేసుకునేంత లేదు. కానీ పొట్ట ఉబ్బి, కాళ్లు వాచి, జుట్టు రంగు మారిన క్వాషియార్కర్ పిల్లలు ఇదివరకటిలా ఊరూరా కనిపించలేదు. నాకు అది అంకె కంటే పెద్ద సంగతి.

కంచాలు కూడా మారాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో జొన్న సంకటి, రాగి సంకటి వెనక్కి పోయాయి. అన్నం ఒకప్పుడు పండగ వంట, ఇప్పుడు రోజూ వంట. పెల్లాగ్రా కూడా అరుదైపోయింది. కూలి చేసుకునే అమ్మ "ఇప్పుడు మా పిల్లలూ అన్నమే తింటున్నారమ్మా" అని గర్వంగా చెప్పినప్పుడు నేను సంతోషించాను. రాగుల్లోని కాల్షియం, జొన్నల్లోని పీచు పోయాయని తరువాత లెక్కల్లో చూసి బాధపడ్డాను. ఈ రెండూ నాలో ఇప్పటికీ పక్కపక్కనే ఉన్నాయి. పట్నాల్లో చిరుధాన్యాలు తినమని ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లు ఆ అమ్మ గర్వాన్ని ఒక్కసారి చూసి ఉంటే మాట కొంచెం మెత్తగా ఉండేదని నా అభిప్రాయం.

బ్యూరో 2015లో మూతపడింది. నలభై ఏళ్లకు పైగా పది రాష్ట్రాల్లో వంటగదుల్లో కూర్చుని రాసిన లెక్క అది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 1992-93 నుంచి జరుగుతోంది, ఎత్తు, బరువు చక్కగా కొలుస్తుంది. పప్పు ఎంత తరచుగా తింటారని అడుగుతుంది. ఎన్ని గ్రాములు తిన్నారని తూచదు. పిల్ల ఎదగలేదని దాని వల్ల తెలుస్తుంది, నిన్న కంచంలో ఏం తక్కువైందో తెలియదు. వంటింటి లెక్క ఖర్చుతో కూడినదే, మనుషులు కావాలి, ఓపిక కావాలి. ఆ ఖర్చు పెట్టవలసిందే అని నా గట్టి అభిప్రాయం. మళ్లీ బృందాలు పంపితే శిక్షణ ఇవ్వడానికి నాలాంటి ముసలివాళ్లు ఇంకా కొందరు ఉన్నాం.

ఈ మధ్య మనవరాలితో కలిసి తెలంగాణలో ఒక అంగన్‌వాడీకి వెళ్లాను. 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్య లక్ష్మి పథకం కింద గర్భిణులకు, బాలింతలకు అక్కడే ఒక పూట పూర్తి భోజనం పెడతారు. అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. అక్కడే కూర్చుని తినాలన్న నియమం ఎందుకో మనవరాలికి అర్థం కాలేదు. ఇంటికి ఇస్తే సులభం కదా అంది. ఇంటికి ఇచ్చిన పొడి, పప్పు ఇంటిల్లిపాదికీ పంచుకుపోవడం, ఆమె వాటా తీసివేతలో మిగిలినంతే కావడం మేం ఏళ్లపాటు రాశామని చెప్పాను. అప్పుడు బల్ల మీద కూర్చుని గుడ్డు ఒలుస్తున్న అమ్మాయి వైపు అది మళ్లీ చూసింది.

టీచరు నాతో ఓపెన్‌గా మాట్లాడింది. పత్తి ఏరే రోజుల్లో సగం మంది మధ్యాహ్నం రాలేరట. చేలు దూరం, పని వదిలి వస్తే కూలి పోతుంది. కొందరికి అత్తలు క్యారియరు ఇచ్చి పంపమంటారట. "క్యారియరు ఇస్తే ఏమవుతుందో నాకు తెలుసు మేడమ్, అందుకే ఇవ్వను" అంది. ఆమె రిజిస్టరు చూశాను. హాజరు ఉంది, బరువు ఉంది, రక్తం ఎంతుందో ఉంది. రాత్రి ఇంట్లో ఏం తిన్నారన్న గడి లేదు. మనవరాలు తన నోటుపుస్తకంలో ఒక పేజీ చింపి గీతలు గీసింది, పేర్లు రాసింది. గుడ్డు తింటున్న అమ్మాయి పక్కన కూర్చుని అడగడం మొదలుపెట్టింది. మొదటి ప్రశ్నే నేరుగా తిండి గురించి అడిగేసరికి, నేను ఆపి, ముందు పత్తి ఎలా ఉందో అడగమన్నాను.